పీట మీంచి లేచే బలం: డెబ్భైల్లో మన పని మనం చేసుకోవాలంటే

పోయిన శ్రావణంలో, వరలక్ష్మీ వ్రతం నాడు, మా అక్క పీట మీద కూర్చుని కథంతా తనే చదివింది. హారతికి అందరూ లేచారు. ఆవిడ లేవలేదు. "మీరు కానివ్వండమ్మా, నేనిక్కణ్ణించే కళ్ళకద్దుకుంటాను" అంది. ఎవరికీ అనుమానం రాలేదు. పేరంటాళ్ళు తాంబూలాలు తీసుకుని వెళ్ళిపోయాక నన్ను పిలిచి, వంటింట్లో ఉన్న కోడలికి వినపడకుండా, "ఒరేయ్, కాస్త చెయ్యివ్వరా" అంది. రెండు చేతులూ పట్టి లాగితే గానీ లేవలేకపోయింది.

అక్కకి 73 ఏళ్ళు. షుగరు లేదు. మోకాళ్ళు అప్పుడప్పుడూ సలుపుతాయి, అంతే. పైగా రోజూ సాయంత్రం కాలువ గట్టు మీద ముప్పావు గంట నడుస్తుంది. "ఇంత నడుస్తున్నాను కదరా, మరి ఇదేం చోద్యం?" అంది. బడిలో ముప్పై ఏళ్ళు డ్రిల్లు మాస్టారుగా చేసినవాణ్ణి, నాకు ముందే తెలియాలి. ఆవిడ కుర్చీ చేతులు పట్టుకుని లేవడం ఏడాదిగా చూస్తూనే ఉన్నాను, పట్టించుకోలేదు.

జవాబు ఆ గట్టులోనే ఉంది. మన గోదావరి డెల్టాది బల్లపరుపు నేల. ధవళేశ్వరం ఆనకట్ట 1852లో పూర్తయ్యాక తవ్విన కాలువలు కనీ కనపడని వాలు మీద పారతాయి, వాటి గట్లూ అంతే. అమలాపురం నుంచి రాజోలు దాకా నడిచినా వంతెన ఎక్కుడు తప్ప ఒంటిని పైకెత్తాల్సిన చోటు దొరకదు. చదును మీద నడక గుండెకి మంచిది, షుగరుకి మంచిది, నిద్రకీ మంచిది. కానీ కూర్చున్న మనిషిని నిలబెట్టేవి తొడల ముందు కండలు, పిరుదుల కండలు. ఎంత నడిచినా వాటి మీద చాలినంత బరువు పడదు. ఇదివరకు ఆ పని ఊడ్పులు చేసేవి, రుబ్బురోలు చేసేది, బంతి భోజనాలు చేసేవి. ఇప్పుడు మోటారు, మిక్సీ, డైనింగ్ టేబులు, కమోడు వచ్చాయి. పొలం రొయ్యల చెరువుకి కౌలుకిచ్చేశాక రైతుకి గట్టెక్కే పని కూడా తప్పింది.

"పని చేసిన ఒళ్ళండీ మాది" అంటారు మనవాళ్ళు. నిజమే, కానీ పాతికేళ్ళ కిందట మోసిన ధాన్యం బస్తాలు ఇవాళ అక్కరకు రావు. ముప్పై దాటినప్పటి నుంచీ పదేళ్ళకు 3 నుంచి 8 శాతం దాకా కండ తరుగుతుంది, అరవై దాటాక ఇంకా జోరుగా తరుగుతుంది. అయితే ఏ వయసులో మొదలుపెట్టినా బలం తిరిగొస్తుంది. 1990లో అచ్చయిన ఒక పరిశోధనలో, అమెరికాలోని బోస్టన్‌లో, సగటున 90 ఏళ్ళున్న పది మంది బలహీనమైన వృద్ధులకు ఎనిమిది వారాలు కాళ్ళతో బరువులెత్తించారు. వాళ్ళ కాళ్ళ బలం సగటున 174 శాతం పెరిగింది. మనం తొంభై దగ్గర మొదలుపెట్టక్కర్లేదు.

"అనాయాసేన మరణం, వినా దైన్యేన జీవనం" అని, అంటే బాధపడకుండా పోవాలి, ఒకరి మీద ఆధారపడకుండా బతకాలి అని, గుడి మెట్ల మీద కూర్చుని పెద్దవాళ్ళు రోజూ అనుకునేదే. మొదటి సగం దేవుడి చేతిలో ఉంది. రెండో సగంలో చాలా భాగం మన తొడల్లో ఉందని నా నమ్మకం. అక్కకి రాసిచ్చిన కాగితాన్నే కాస్త పెంచి ఇక్కడ పెడుతున్నాను.

ముందు కొలుచుకోండి

గోడకి ఆనించిన కుర్చీ ఒకటి, సెకన్ల ముల్లున్న గడియారం ఒకటి చాలు. కుర్చీ మోకాలి ఎత్తుండాలి, అంటే సుమారు 17 అంగుళాలు. ప్లాస్టిక్ కుర్చీ వద్దు, నున్నటి గచ్చు మీద దాని కాళ్ళు విచ్చుకుంటాయి. చేతులు రెండూ గుండెల మీద కట్టుకుని, 30 సెకన్లలో ఎన్నిసార్లు పూర్తిగా లేచి కూర్చోగలరో లెక్కపెట్టించుకోండి. మధ్యలో చెయ్యి ఆనించాల్సి వస్తే లెక్క సున్నా.

65 నుంచి 69 ఏళ్ళ మగవాళ్ళకి 12, ఆడవాళ్ళకి 11 రావాలి. 70 నుంచి 74 మధ్య మగవాళ్ళకి 12, ఆడవాళ్ళకి 10. 75 దాటితే 11, 10. ఎనభై దాటితే 10, 9. ఇంతకంటే తక్కువొస్తే పడిపోయే ప్రమాదం ఎక్కువని అర్థం. మా అక్కకి మొదటిసారి ఐదొచ్చాయి.

రెండో కొలత తూకానిది, అంటే ఒళ్ళు ఒరిగిపోకుండా నిలబడటానిది. వంటగట్టు పక్కన నిలబడి ఒక పాదం మడమ రెండో పాదం వేళ్ళకి తగిలేలా వరసగా పెట్టండి. చెయ్యి ఆనించకుండా పది సెకన్లు నిలబడగలిగారా? లేకపోతే ఇంట్లో మీరు మొదట చేయాల్సిన పని స్నానాలగదిలో గోడకి కడ్డీ బిగించుకోవడం.

రెండు అంకెలూ గోడ క్యాలెండరు మీద తారీకుతో సహా రాసుకోండి. మళ్ళీ ఆరు వారాలకి కొలవాలి. వారం వారం కొలిస్తే నిరుత్సాహం తప్ప ఏమీ మిగలదు.

డాక్టరు గారిని ముందుగా అడగాల్సినవాళ్ళు

ఈ మధ్య గుండెపోటు వచ్చినా, స్టెంటు వేసినా, నాలుగడుగులకే ఛాతీలో బరువుగా అనిపించినా, కళ్ళు తిరిగి పడిపోయినా, గత ఆరునెలల్లో తుంటికో కంటికో ఆపరేషన్ అయినా అడక్కుండా మొదలుపెట్టొద్దు. బీపీ మాత్రలు వేసుకునేవాళ్ళు మంచం మీంచి లేచీ లేవగానే నడవకండి. అంచున ఒక నిమిషం కూర్చుని, పాదాలు పైకీ కిందికీ ఇరవైసార్లు ఆడించి అప్పుడు లేవండి. షుగరు మాత్రలో ఇన్సులినో వాడేవాళ్ళ జేబులో రెండు చెంచాల పంచదార పొట్లం ఉండాలి. చెమటలు పట్టి చేతులు వణికితే నోట్లో వేసుకుని కూర్చోండి. ఆ రోజుకి వ్యాయామం చాలు.

కుర్చీ పని

ఇదొక్కటి చేసి మిగతావన్నీ మానేసినా నేను పోట్లాడను. ఇది మానేసి మిగతావన్నీ చేస్తే మాత్రం ఒప్పుకోను.

కుర్చీ అంచుకి జరగండి. పాదాలు భుజాలంత ఎడంగా, మడమలు మోకాళ్ళ కంటే కొంచెం వెనక్కి ఉండాలి. ఇప్పుడు ముక్కు కాలివేళ్ళ మీదికి వచ్చేదాకా నడుము నుంచి ముందుకు వంగండి. చాలామంది తప్పుచేసేది ఇక్కడే. నిటారుగా కూర్చుని నేరుగా పైకి లేవబోతారు, బరువంతా వెనకే ఉంటుంది, మళ్ళీ కుర్చీలో కూలబడతారు. పాకలో గేదె లేవడం చూడండి. తల ముందుకు ఊపి, ఆ ఊపు మీద వెనక కాళ్ళు లేపుతుంది. అక్కకి ఈ మాట చెప్పాక ఆవిడ నవ్వింది గానీ, మరుసటి ప్రయత్నంలోనే కూలబడకుండా లేచింది.

లేచేటప్పుడు ఊపిరి వదలండి. బిగబట్టొద్దు, బిగబడితే బీపీ ఎగుస్తుంది. పూర్తిగా నిలబడి, పిరుదులు బిగించి, ఒక క్షణం ఆగండి. ఆ తర్వాత కూర్చోవడం. అసలు లాభం ఇక్కడుంది. మెల్లగా, ఒకటి, రెండు, మూడు, నాలుగు అని లెక్కపెట్టుకుంటూ దిగండి. చివరి జానెడులో దభీమని పడిపోతున్నారంటే కండ ఓడిపోయే చోటు అదే. అక్కడే ఇంకాస్త నెమ్మదిగా దిగండి.

ఎనిమిది సార్లు చేసి, రెండు నిమిషాలు కూర్చుని, మళ్ళీ ఎనిమిది. రోజు విడిచి రోజు, వారానికి మూడుసార్లు. కండ పెరిగేది విశ్రాంతి రోజునే కాబట్టి ఆత్రంతో రోజూ చేయకండి. చివరి రెండూ కష్టంగా ఉండాలి. ఎనిమిదీ హాయిగా అయిపోతే ఉపయోగం లేదు.

ఎనిమిదిసార్లు లేవలేకపోతే కుర్చీలో గట్టి దిండు వేసి ఎత్తు పెంచండి. అక్క రెండు దిళ్ళతో మొదలుపెట్టింది. పది రోజులకి ఒకటి తీసేశాం, నెలకి రెండోది. పన్నెండేసి చొప్పున రెండు విడతలు సుళువయ్యాక కష్టం పెంచాలి: నీళ్ళు నింపిన లీటరు సీసా గుండెలకి హత్తుకుంటే కిలో బరువు పెరుగుతుంది. ఆ తర్వాత మంచం అంచు మీంచి, ఆనక వీధరుగు మెట్టు మీంచి లేవండి.

మోకాళ్ళ నొప్పుల సంగతి. అరిగిన మోకాలికి కదలకుండా ఉండటం మందు కాదు. దాని చుట్టూ కండ బలపడితేనే కీలు మీద భారం తగ్గుతుంది. చేసేటప్పుడు కాస్త నొప్పి రావచ్చు. ఆ నొప్పి మర్నాటికి మామూలు స్థాయికి దిగిపోతే ఫరవాలేదు. రెండో రోజు కూడా ఎక్కువగానే ఉన్నా, మోకాలు వాచినా, తర్వాతిసారి కుర్చీ ఎత్తు పెంచి లెక్క సగం చేయండి. మానేయకండి. తొడలు పట్టేసినట్టు రెండు రోజులుండటం వేరే, అది కండ నొప్పి, దానికి కంగారక్కర్లేదు.

మడమలు, గోడ, సంచులు

వంటగట్టు పట్టుకుని మడమలు ఎత్తి వేళ్ళ మీద నిలబడండి, మెల్లగా దించండి, పదిసార్లు. తర్వాత వేళ్ళు ఎత్తి మడమల మీద, పదిసార్లు. నడిచేటప్పుడు కాలు ఈడ్చుకుంటూ గుమ్మానికి తట్టుకునేవాళ్ళకి రెండోది ముఖ్యం. పప్పు ఉడికేలోపు అయిపోతుంది.

గోడకి మూరెడు దూరంలో నిలబడి, రెండు అరచేతులూ గోడకి ఆనించి, మోచేతులు వంచుతూ ముక్కు గోడ దగ్గరికి తెచ్చి మళ్ళీ నెట్టండి. ఇది కూడా పది.

సంచుల పని మగవాళ్ళు ఇష్టంగా చేస్తారు. రెండు చేతుల్లో రెండు గుడ్డ సంచులు, ఒక్కోదాంట్లో రెండు కిలోల బియ్యం. వీపు నిటారుగా పెట్టి, వీధి గుమ్మం నుంచి దొడ్డి గుమ్మం దాకా నాలుగుసార్లు నడవండి. బలం వచ్చేకొద్దీ అరకిలో చొప్పున పెంచండి. సంతనుంచి కూరగాయల సంచి మీరే తెచ్చుకోవాలంటే కావాల్సిన పట్టు ఇదే.

తూకం

వానాకాలంలో మన ఊళ్ళ సంగతి మీకు తెలియంది కాదు. దొడ్లో గచ్చు పాకుడు పడుతుంది, పుంత రోడ్డు బురదవుతుంది, వంటింటి గుమ్మం దాకా తడి. నరసాపురం, సఖినేటిపల్లి మధ్య గోదావరి దాటించే పంటు ఎక్కేటప్పుడు కాలు కింద ఇనుప రేకు కదులుతుంటే పక్కవాడి భుజం వెతుక్కుంటాం. కాలు జారడం అందరికీ జరుగుతుంది. జారిన కాలుని అందుకునే రెండో కాలు టయానికి రాకపోతేనే తుంటి విరుగుతుంది. ఆ రెండో కాలు టయానికి రావడం సాధనతో వచ్చే విద్యే.

న్యూజిలాండ్‌లో ఒటాగో విశ్వవిద్యాలయం వాళ్ళు 1990లలో ఇంట్లోనే చేసుకునే కాళ్ళ బలం, తూకం వ్యాయామాలు, నడక కలిపి ఒక పద్ధతి తయారు చేశారు. ఎనభై దాటిన ఆడవాళ్ళతో మొదలుపెట్టారు. పడటాలు సుమారు మూడోవంతు తగ్గాయి. అందులో ఉన్నవి పెద్ద విన్యాసాలేమీ కావు.

వంటగట్టు పక్కనే మొదలుపెట్టండి. పాదాలు వరసగా పెట్టి నిలబడటం పది సెకన్లు కుదిరాక, ఒంటికాలి మీద నిలబడండి. మొదట రెండు చేతులూ గట్టు మీద, తర్వాత ఒక చెయ్యి, తర్వాత ఒక వేలు. పళ్ళు తోముకునేటప్పుడు వాష్‌బేసిన్ పట్టుకుని పొద్దున ఒక కాలు, రాత్రి ఇంకో కాలు. ఆ తర్వాత గోడ పక్కగా టైల్సు గీత మీద, మడమకి వేళ్ళు తగిలేలా పది అడుగులు నడవండి. వెనక్కి రావడం కూడా వెనకడుగులతోనే, కానీ మనిషి పక్కనుంటేనే. కళ్ళు మూసుకుని చేసే సాహసాలు మనకొద్దు.

మోకాలు నొప్పో తుంటి నొప్పో ఉన్నవాళ్ళకి కర్ర సిగ్గు కాదు. మామూలుగా నిలబడి చెయ్యి కిందికి వదిలితే మణికట్టు ఎంత ఎత్తులో ఉంటుందో కర్ర అంత ఎత్తుండాలి. నొప్పి కుడికాలిదైతే కర్ర ఎడంచేత్తో పట్టుకోవాలి. ఊళ్ళో సగం మంది తిరగేసి పట్టుకుంటారు.

నడక, ఇప్పుడు చెప్తున్నాను

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో ఇచ్చిన లెక్క: 65 దాటినవాళ్ళకి వారానికి 150 నుంచి 300 నిమిషాల మధ్యస్థ వ్యాయామం, రెండు రోజులైనా కండబలానికి, మూడు రోజులు తూకానికి. మధ్యస్థం అంటే పక్కవాళ్ళతో మాట్లాడగలగాలి, పాట మాత్రం పాడలేకపోవాలి. పాడుతూ నడిచేంత నెమ్మదైతే అది షికారు. ఒకేసారి అరగంట కుదరకపోతే పదేసి నిమిషాలు మూడుసార్లు నడవండి, లెక్కలోకి వస్తుంది.

మన ఎండకి ఉక్క తోడు. వేసవిలో ఏడు దాటాక బయట నడవద్దు. సంక్రాంతి రోజుల్లో మంచు విచ్చుకున్నాకే బయల్దేరండి, లారీవాడికి మీరు కనపడాలి. రోడ్డుకి కుడిపక్కన, ఎదురొచ్చే బండి కనపడేలా నడవాలి. హవాయి చెప్పులొద్దు, మడమ వెనక పట్టీ ఉన్నవి వేసుకోండి. కుక్కల కోసం చేతిలో కర్ర ఎలాగూ ఉంటుంది. వానరోజు గుడి మండపమో బడి వరండానో చాలు. వాడపల్లి వెంకన్నకి ఏడు శనివారాలు ఏడేసి ప్రదక్షిణలు చేసేవాళ్ళకి నడక పుణ్యంతో పాటు వచ్చేస్తుంది. మిగతా ఆరు రోజుల సంగతే మనం చూసుకోవాలి.

గట్టు మీద నడిచేవాళ్ళు దారిలో వంతెన ఎక్కుడొకటి కలుపుకోండి. ఎక్కి దిగి మళ్ళీ ఎక్కండి. డెల్టాలో మనకున్న కొండ అదే. ఏటిగట్టు దగ్గరగా ఉన్న ఊళ్ళవాళ్ళు అదృష్టవంతులు, గట్టు మెట్లు ఉండనే ఉన్నాయి.

2015లో గోదావరి పుష్కరాలకి వెళ్ళినవాళ్ళు గుర్తు తెచ్చుకోండి, రేవులో ఎన్ని మెట్లు దిగారో. మళ్ళీ 2027లో వస్తున్నాయి. తడి మెట్లు, జనం, పట్టుకోవడానికి ఏమీ ఉండదు. అక్కకి ఈ లక్ష్యం నేను పెట్టలేదు, తనే పెట్టుకుంది. వీధరుగు మెట్టు ఎక్కి దిగడం, ఒక్కో కాలికి ఎనిమిదిసార్లు, గోడకి చెయ్యి దగ్గరగా ఉంచి మొదలుపెట్టాం. ఒక కాలికి నొప్పి ఉంటే ఎక్కేటప్పుడు మంచికాలు ముందు, దిగేటప్పుడు నొప్పికాలు ముందు.

నేల మీంచి లేవడం

ఇది మొదటిసారి మనిషిని దగ్గర పెట్టుకుని చాప మీద నేర్చుకోండి. పడ్డాక నేర్చుకునే విద్య కాదు.

వెల్లకిలా ఉన్నారనుకోండి. మోకాళ్ళు ముడిచి పక్కకి తిరగండి. పైచెయ్యి అరచేతిని గుండెల ముందు నేలకి ఆనించి, కింది మోచేతి మీద లేవండి. అక్కణ్ణించి చేతులూ మోకాళ్ళ మీదికి, అంబాడే పిల్లాడిలా రండి. అలాగే పాక్కుంటూ మంచం దగ్గరికో బరువైన కుర్చీ దగ్గరికో వెళ్ళండి. రెండు చేతులూ దాని మీద పెట్టి, బలమైన కాలి పాదాన్ని ముందుకు తెచ్చి నేలకి పూర్తిగా ఆనించండి. ఇప్పుడు చేతులు నొక్కుతూ, ఆ కాలితో నెడుతూ లేచి, తిరిగి కూర్చోండి. వెంటనే నడవకండి, రెండు నిమిషాలు ఊపిరి పీల్చుకోండి.

అక్కకి ఇందులో కష్టమైంది చేతులూ మోకాళ్ళ మీదికి రావడం. గచ్చు మీద మోకాలి చిప్ప ఒత్తుకుని "అమ్మో" అని ఆగిపోయేది. దుప్పటి నాలుగు మడతలేసి వేశాం. మూడో రోజు మంచం పట్టె అందుకుంది. పట్టె మీద గడ్డం ఆనించి కాసేపు అలాగే ఉండిపోయి, "పడిపోయినా చచ్చిపోనన్నమాట" అంది.

నిజంగా పడితే ముందు కదలకుండా ఒక నిమిషం ఉండి చూసుకోండి. తుంటిలో నొప్పి భరించలేనంతగా ఉన్నా, ఒక కాలు పొట్టిగా, పక్కకి తిరిగినట్టు కనపడినా, తల తగిలినా లేవబోకండి, పిలవండి. 108కి ఫోను చేయించండి. రక్తం పలచబడే మాత్రలు వేసుకునేవాళ్ళు తలకి దెబ్బ తగిలితే బాగానే ఉన్నట్టనిపించినా ఆసుపత్రికి వెళ్ళాలి. ఒంటరిగా ఉండేవాళ్ళు ఫోను స్నానాలగదికి కూడా తీసుకెళ్ళండి, కింద నుంచి చెయ్యి అందే చోట పెట్టండి.

పాకుడు పట్టిన గచ్చు బ్లీచింగ్ చల్లి చీపురుతో గీకించండి, వానాకాలంలో వారం వారం. రాత్రి మరుగుదొడ్డి దారిలో చిన్న బల్బు వెలుగుతూ ఉండాలి.

తిండి

అన్నం మీద అన్నం తిని కండ రమ్మంటే రాదు. వయసు మళ్ళినవాళ్ళకి రోజుకి కిలో ఒంటి బరువుకి 1 నుంచి 1.2 గ్రాముల మాంసకృత్తులు కావాలంటారు వైద్యులు. 60 కిలోల మనిషికి 60 నుంచి 72 గ్రాములు. గుడ్డుకి 6 గ్రాములు, పావులీటరు పాలకి 8, వంద గ్రాముల చేపకి 18 పైన, వంద గ్రాముల పచ్చి కందిపప్పుకి 22 దాకా. మనవాళ్ళు పొద్దున రెండిడ్లీ, రాత్రి మజ్జిగన్నంతో సరిపెట్టి, ఉన్న పప్పంతా మధ్యాహ్నమే తినేస్తారు. మూడు పూటలకీ పంచండి: పొద్దున పెసరట్టో గుడ్డో, రాత్రి పాలో గట్టి పెరుగో. మూత్రపిండాల జబ్బున్నవాళ్ళు మాత్రం డాక్టరు చెప్పిందే తినాలి.

కార్తీక సోమవారం ఉపవాసం ఉన్నరోజు కుర్చీ పని పెట్టుకోకండి, మంగళవారానికి జరపండి.

ఆగిపోతే

ఆగుతుంది. పెళ్ళిళ్ళొస్తాయి, హైదరాబాదులో మనవడి పుట్టినరోజొస్తుంది, జ్వరమొస్తుంది. అన్నిటికంటే చెడ్డది మంచం. 2007లో అచ్చయిన ఒక పరిశోధనలో ఆరోగ్యంగా ఉన్న పెద్దవాళ్ళు పది రోజులు మంచం మీదే ఉంటే కాళ్ళలో దాదాపు కిలో కండ పోయింది. అందుకే జ్వరం తగ్గిన మర్నాడే మంచం మీంచి కుర్చీలోకి మారండి, గంటకోసారి లేచి నిలబడండి. మళ్ళీ మొదలుపెట్టేటప్పుడు ఆపిన చోట నుంచి కాదు, సగం నుంచి. పది సార్లు చేసేవాళ్ళు ఐదు, దిండు తీసేసినవాళ్ళు మళ్ళీ దిండు.

పిల్లలకి కూడా ఒక మాట, ఈ కాగితం వాళ్ళూ చదువుతారు కాబట్టి. సెలవులకి వచ్చి "అమ్మా నువ్వు కూర్చో, మంచినీళ్ళు నేను తెస్తాగా" అని నాలుగు రోజులు చేసి వెళ్ళిపోతే, ఐదో రోజు నుంచి ఆవిడ తనే తెచ్చుకోవాలి. లేవనివ్వండి. ధనుర్మాసంలో ముగ్గేస్తానంటే వేయనివ్వండి, వంగి లేచేవి ముప్పైసార్లు అవుతాయి. పక్కన నిలబడండి, చిప్ప లాక్కోకండి. విదేశాల్లో ఉన్నవాళ్ళు ఆదివారం ఫోనులో "మందులేసుకున్నావా" తర్వాత "ఈ వారం ఎన్నొచ్చాయి" అని అడగండి. మా మేనల్లుడు అడగడం మొదలుపెట్టాకే అక్క శుక్రవారం ఎగ్గొట్టడం మానేసింది.

ఆవిడ వారం ఇలా ఉంటుంది: సోమ, బుధ, శుక్రవారాల్లో పొద్దున కాఫీ తాగాక కుర్చీ, మడమలు, గోడ, మెట్టు. మొత్తం పాతికనిమిషాలు. తూకం రోజూ వంటింట్లోనే. నడక సాయంత్రం, వంతెనతో కలిపి. ఆదివారం ఏమీ లేదు, సీరియళ్ళు.

మొదటి కొలతలో ఐదు. ఆరు వారాలకి ఎనిమిది. సంక్రాంతి వెళ్ళాక కొలిస్తే పదకొండు. ఉగాది రోజు పచ్చడి చేసుకుని, పూజకి పీట వాల్చుకుంది. హారతికి గేదెలా ముందుకి ఊగి, ఒక చెయ్యి మోకాలి మీద పెట్టి, లేచింది. పీట మాత్రం ఇంకా గోడ పక్కనే వేసుకుంటోంది.